వంతెనకు, ట్యాంకుకు, గేటుకు వైర్‌లెస్ సెన్సార్లు: లోరానా, జిగ్బీనా, సిమ్ కార్డా, పాత వైరేనా?

2019 అక్టోబర్‌లో మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు, 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. అన్నీ మన కృష్ణా పరీవాహకంలోనే. ప్రతిసారీ మర్నాడు టీవీలో ఒకటే మాట, సెన్సార్లు పెట్టి ఉంటే ముందే తెలిసేది కదా అని. దాంతో ఇప్పుడు నల్లగొండలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కమిటీ నుంచి మహబూబ్‌నగర్‌లో వంతెనలు చూసే ఏఈ దాకా, ఫైనలియర్ సివిల్ పిల్లల దాకా చాలామంది చేతిలో ఏదో ఒక కొటేషన్ ఉంటోంది. ఒకదాంట్లో లోరా (నెమ్మదిగానైనా దూరం పోయే రేడియో), ఇంకోదాంట్లో జిగ్బీ (బాక్సు నుంచి బాక్సుకు అందించుకుంటూ పోయే రేడియో), మూడోదాంట్లో సిమ్ కార్డు. రేట్లకేమో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను. రేడియో ఏది అన్నది చివర తేల్చుకోవాల్సిన సంగతి. మొదట తేలాల్సింది, మీ కట్టడంలో మీరు కనిపెట్టాలనుకుంటున్న మార్పు నెలల మీద జరిగేదా, సెకనులో వందో వంతులో జరిగేదా అని. అది తేలితే సగం ఆప్షన్లు వాటంతట అవే పక్కకు పోతాయి. ఆ తర్వాత తేలాల్సింది, మూడో ఏడు ఆ బాక్సు దగ్గరికి నిచ్చెన వేసుకుని ఎక్కేది ఎవరు అని. దీనికి జవాబు లేకపోతే మిగిలిన సగం కూడా పోతాయి.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

నెమ్మదిగా మారేదా, ఊగేదా? పగులు వెడల్పు, పిల్లర్ ఒరగడం, పునాది కుంగడం, డ్యామ్ లోపల నీటి ఒత్తిడి, ఇవన్నీ నెమ్మది సంగతులు. 15 నిమిషాలకోసారి 12 బైట్లు పంపినా రోజుకు 96 సార్లు, మొత్తం 1,152 బైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటే దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అదే ఊగడం, అదరడం కొలవాలంటే లెక్క మారిపోతుంది. మూడు దిశల్లో సెకనుకు 100 సార్లు, ఒక్కో రీడింగ్ 2 బైట్లు అనుకుంటే సెకనుకు 600 బైట్లు, రోజుకు ఒక్క సెన్సార్ నుంచే దాదాపు 52 ఎంబీ. పది పెడితే అర జీబీ పైన. ఈ రెండిటికీ ఒకే రేడియో సరిపోతుందని ఎవరైనా చెబితే ఆ బ్రోచర్ మడిచి పెట్టేయండి.

టైమ్ కుదరాలి. ఇది చాలా కొటేషన్లలో కనపడనే కనపడదు. వంతెన ఏ ఆకారంలో ఊగుతోందో తెలియాలంటే ఈ చివర సెన్సార్, ఆ చివర సెన్సార్ ఒకే క్షణానికి రీడింగ్ తీయాలి. సెన్సార్ లోపల గడియారాన్ని నడిపే మామూలు క్రిస్టల్‌కు 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా ఉంటుందనుకుంటే గంటకు 72 మిల్లీసెకన్లు, రోజుకు 1.7 సెకన్లు పక్కకు జరుగుతుంది. 5 హెర్ట్జ్ దగ్గర ఊగే గిర్డర్‌కు 10 మిల్లీసెకన్ల తేడా వచ్చినా ఫేజ్‌లో 18 డిగ్రీల తప్పు. ఆ డేటాతో గీసిన బొమ్మ చూసి వంతెన దెబ్బతిందనుకుంటారు, నిజానికి దెబ్బతిన్నది గడియారం. పగులు వెడల్పుకైతే ఈ టెన్షనే లేదు, రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా ఎవరికీ నష్టం లేదు.

బ్యాటరీ. డి సైజు లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఒకటి సుమారు 19 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. పరికరం సగటున 0.1 మిల్లీ ఆంపియర్ తాగితే కాగితం మీద ఇరవై ఏళ్లు దాటుతుంది (నిజంగా అంత రాదు, సెల్ కూడా ముసలిదవుతుంది కదా). 1 మిల్లీ ఆంపియర్ తాగితే రెండేళ్ల పైచిలుకు. రేడియో ఎప్పుడూ వింటూనే ఉండి 20 మిల్లీ ఆంపియర్లు తాగితే 40 రోజులు. అంతే. "పదేళ్ల బ్యాటరీ" అని రాసి ఉంటే ఎన్ని నిమిషాలకో రీడింగుకు పదేళ్లో అడగండి.

ఎండ, కోతులు, తేనెతుట్టెలు. నవ్వులాట కాదు. మే నెలలో మిర్యాలగూడ ఎండకు మూసిన డబ్బా లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ ఉంటుంది, మామూలు లిథియం అయాన్ బ్యాటరీలను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదని తయారీదార్లే చెబుతారు. సోలార్ ప్యానెల్ పెడితే సరిగ్గా ఆ మధ్యాహ్నమే అది ఛార్జ్ చేస్తుంటుంది. ఇక నల్లమల అంచు ఊళ్లలో పైకి పొడుచుకొచ్చిన యాంటెనా కనపడితే కోతి లాగకుండా ఉండదు. బయటికి కనపడే ప్యానెల్‌కు దొంగల భయం, రాగి కేబుల్‌కు ఇంకా ఎక్కువ భయం. ట్యాంకు కింద తేనెతుట్టె ఉంటే బ్యాటరీ మార్చడానికి మనిషి ఎక్కడు, ఎక్కమని మీరూ అనలేరు. కాబట్టి చెయ్యి అందని చోట పెట్టే బాక్సుకు డబ్బు ఎక్కువైనా ఛార్జింగ్ అక్కర్లేని సెల్ తీసుకోవడమే మంచిది.

## ఒక చూపులో

| ఏది | పంపగల వేగం | ఊగడం కొలవడానికి | నెమ్మది రీడింగులకు | పవర్ | తంటా ఎక్కడ |
|---|---|---|---|---|---|
| వైరు, డేటా లాగర్ (రీడింగులు దాచే పెట్టె) | కావలసినంత | అన్నిటికంటే మేలు | బాగుంటుంది | కరెంటు ఉండాలి | పిడుగు, దొంగలు, కేబుల్ ఖర్చు |
| జిగ్బీ తరహా మెష్ | 250 కేబీపీఎస్ (కాగితం మీద) | పర్లేదు, టైమ్ సరిగా కుదిరితే | బాగుంటుంది | మధ్యస్థం | తడి కాంక్రీట్, వైఫై గోల |
| లోరా | 0.25 నుంచి 5.5 కేబీపీఎస్ | నేరుగా కుదరదు | అన్నిటికంటే మేలు | చాలా తక్కువ | గేట్‌వే (రీడింగులు అందుకుని ఇంటర్నెట్‌కు పంపే పెట్టె) మీరే పెట్టుకోవాలి |
| ఎన్‌బీ-ఐఓటీ (చిన్న రీడింగుల సిమ్) | పదుల కేబీపీఎస్ | కుదరదు | బాగుంటుంది | తక్కువ | సిగ్నల్ మీ చేతిలో లేదు |
| 4జీ | ఎంబీపీఎస్‌లలో | బాగుంటుంది | అవసరానికి మించి | ఎక్కువ | సోలార్ తప్పదు |
| వైఫై | ఎక్కువ | బాగుంటుంది | పర్లేదు | ఎక్కువ | కరెంటు, రౌటర్ ఉన్నచోటే |

## ఒక్కోటీ దగ్గరగా

వైరు. వైర్‌లెస్ గురించి రాస్తూ వైరు దగ్గర మొదలుపెట్టడానికి కారణముంది. డ్యామ్‌లలో వైబ్రేటింగ్ వైర్ సెన్సార్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. లోపల బిగించిన సన్నటి తీగ ఎంత ఫ్రీక్వెన్సీతో మోగుతుందో కొలుస్తారు, ఫ్రీక్వెన్సీ కాబట్టి పొడవాటి కేబుల్‌లో వచ్చినా విలువ చెడదు. నాగార్జునసాగర్ లాంటి రాతి డ్యామ్ లోపలి గ్యాలరీల్లో మీటర్ల మందం గోడ దాటి ఏ రేడియో బయటికి రాదు, అక్కడ గ్యాలరీ నోటిదాకా వైరు లేదా ఫైబర్ తేవాల్సిందే, అక్కడి నుంచి కావాలంటే వైర్‌లెస్. వైరుకు పెద్ద శత్రువు పిడుగు. వందల మీటర్ల కేబుల్ డ్యామ్ పొడవునా పరిస్తే ఒక్క ఉరుముల వానకు లాగర్ కార్డులన్నీ కాలిపోయే ప్రమాదం ఉంది, సర్జ్ ప్రొటెక్షన్, మంచి ఎర్తింగ్ లేకపోతే మరీ. వైర్‌లెస్‌కు నిజమైన లాభం ఇక్కడే అని నేనంటాను, కేబుల్ ఖర్చు తగ్గడం తర్వాతి మాట.

జిగ్బీ, దాని అన్నదమ్ములు. 2.4 గిగాహెర్ట్జ్‌లో, 802.15.4 అనే ప్రమాణం ప్రకారం పనిచేసే రేడియోలివి. ఒక బాక్సు పక్క బాక్సుకు అందిస్తే అది ఆ పక్కదానికి అందిస్తుంది. పేరుకు 250 కేబీపీఎస్ అయినా ఒక్కో ప్యాకెట్ 127 బైట్లు మించదు, చేతులు మారేకొద్దీ వేగం పడిపోతుంది. ఎంత పడిపోతుందో చూడాలంటే 2006లో అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెన మీద బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగం చాలు. 64 నోడ్‌లు (రేడియో ఉన్న సెన్సార్ బాక్సులు), సెకనుకు 1,000 రీడింగులు, టైమ్ తేడా 10 మైక్రోసెకన్ల లోపే, అప్పటికి అది గొప్ప పని. కానీ 46 చేతులు మారి వచ్చేసరికి డేటా వేగం సెకనుకు 441 బైట్లు. పైన మనం లెక్కేసిన ఒక్క సెన్సార్ 600 బైట్లకే అది చాలదు. అంటే కొలిచింది అక్కడే దాచుకుని తర్వాత తీరిగ్గా పంపాలి, 20 ఎంబీ పంపడానికి 12 గంటలు దాటుతుంది. లైవ్‌లో చూపిస్తాం అన్నవాళ్లను ఎన్ని నోడ్‌లకు, ఎన్ని హాప్‌లకు (చేతులు మారడాలకు) అని అడిగేది ఇందుకే. 2009లో కొరియాలోని జిందో వంతెన మీద 70 నోడ్‌లతో మొదలుపెట్టి మరుసటి ఏడాది 113కు పెంచారు, కాబట్టి పెద్ద ఎత్తున చేయొచ్చు. కాకపోతే దాని వెనక పరిశోధకుల బృందం ఉంది, మన ఏఈకి ఒక్క అటెండర్ ఉంటాడు.

ఇంకో తిరకాసు. గేట్‌వేకు దగ్గరున్న నోడ్‌లు అందరి డేటా మోస్తాయి, అందుకే వాటి బ్యాటరీలు ముందు పోతాయి, అవి పోగానే వెనకున్నవన్నీ బాగానే ఉండి కూడా మూగబోతాయి. ఆ నోడ్‌లకైనా కరెంటో సోలారో ఇవ్వండి. ఊళ్లో పెడితే ఛానెల్ 25 లేదా 26 వాడండి, చుట్టుపక్కల వైఫై గోల వాటికి అంతగా తగలదు.

లోరా. నెమ్మది రీడింగులకు నా ఓటు దీనికే. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్స్ అక్కర్లేదు, పొలాల మీదుగా అడ్డు లేకపోతే కిలోమీటర్ల కొద్దీ పోతుంది, రీడింగ్ పంపి మళ్లీ నిద్రపోతుంది కాబట్టి బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. కానీ దూరం పోయేకొద్దీ నెమ్మదవుతుంది. అన్నిటికంటే నిదానమైన సెట్టింగ్‌లో 51 బైట్లు గాల్లోకి పంపడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. ఊగే డేటాను నేరుగా పంపడమన్నది మర్చిపోండి.

దీనికో మధ్యేమార్గం ఉంది, ఈమధ్య మంచి పరికరాలు అదే చేస్తున్నాయి. సెన్సారే ఒక నిమిషం పాటు వైబ్రేషన్ రికార్డు చేసుకుని, లోపలే ఎఫ్‌ఎఫ్‌టీ లెక్క (ఊగడంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో విడదీసేది) చేసి, మొదటి మూడు నాలుగు ఫ్రీక్వెన్సీలు, గరిష్ఠ కుదుపు, ఉష్ణోగ్రత మాత్రం పంపుతుంది. 40 బైట్లలో అయిపోతుంది. పోగొట్టుకునేదేమిటంటే అసలు రికార్డు. రేపు ఏదైనా తేడా వస్తే ఇంజినీర్ అసలు రికార్డే అడుగుతాడు, కాబట్టి కనీసం చివరి కొన్ని వారాల డేటా మెమొరీ కార్డులో ఉండేలా చూడండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త: ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే మాడ్యూల్స్‌లో 915 మెగాహెర్ట్జ్‌వి చాలా ఉంటాయి, అవి అమెరికా బ్యాండ్‌వి. మనకు 865-867 కావాలి. కొనే పరికరానికి డబ్ల్యూపీసీ ఈటీఏ (రేడియో పరికరాలకు కేంద్రం ఇచ్చే ఆమోదం) ఉందో లేదో కూడా అడగండి, ప్రభుత్వ పనైతే బిల్లు అక్కడే ఆగుతుంది. గేట్‌వే మీరే పెట్టుకోవాలి, దానికి కరెంటు, ఇంటర్నెట్ కావాలి. గ్రామ పంచాయతీ భవనం మీదో స్కూలు మీదో పెడితే పని జరుగుతుంది. సెలవుల్లో మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేసుకుపోతే మాత్రం మొదటికే మోసం.

సిమ్ కార్డు రకాలు. ఎన్‌బీ-ఐఓటీ అంటే చిన్న చిన్న రీడింగుల కోసం మొబైల్ టవర్ల మీదే నడిచేది. మామూలు 2జీ కంటే 20 డెసిబెల్స్ బలహీనమైన సిగ్నల్‌ను కూడా అందుకునేలా డిజైన్ చేశారు, గేట్‌వే బాధ లేదు. ఎక్కడో ఒంటరిగా ఉన్న ఒకటి రెండు కట్టడాలకు ఇది బాగా నప్పుతుంది. అయితే ఫోన్‌లో నాలుగు గీతలు కనపడ్డాయని ఎన్‌బీ-ఐఓటీ కూడా ఉంటుందనుకోవద్దు, అది వేరే సంగతి, పరికరం తెచ్చి ఆ పిల్లర్ దగ్గరే పరీక్షించాలి. అమ్రాబాద్ అడవి దారిలో అయితే ఫోన్‌కే దిక్కులేని చోట్లున్నాయి. 4జీ అయితే ఎంత డేటా అయినా పంపుతుంది, పవర్ కూడా అంతే తాగుతుంది. పాత 2జీ మాడ్యూల్స్ జోలికి పోకండి, ఒక్కో విడతలో 2 ఆంపియర్ల దాకా లాగుతాయి, పైగా 2జీ ఇంకెంతకాలం ఉంటుందో దాని మీద మీ పదేళ్ల ప్లాన్ కట్టడం తెలివైన పని కాదు. సిమ్ రీఛార్జ్ ఏ హెడ్ కింద వస్తుందో మొదటి రోజే రాయించుకోండి. కాంట్రాక్టర్ గడువు అయిపోయిన నెల సిమ్ ఆగిపోతుంది, సిస్టమ్ అటకెక్కుతుంది.

వైఫై, బ్లూటూత్. వైఫై కరెంటున్న లోపలి గదులకే. బ్లూటూత్ ఒక పనికి బాగుంటుంది: నెలకోసారి మనిషి ఎలాగూ వెళ్లే చోట, ఫోన్ దగ్గర పెట్టి డేటా దించుకోవడానికి.

## మీరెవరైతే ఏది

అపార్ట్‌మెంట్ కమిటీ, సొంతిల్లు. సెన్సార్ కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి. గోడలో కనపడే పగుళ్లలో చాలావరకు ప్లాస్టర్‌వి, లేదా గోడ, బీమ్ కలిసే చోటువి. నల్లరేగడి మీద కట్టిన ఇళ్లకు వానాకాలంలో మట్టి ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుని పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. వందల్లో దొరికే ప్లాస్టిక్ క్రాక్ గేజ్ అతికించి, నెలకోసారి తేదీతో ఫొటో తీసి, ఒక వాన, ఒక ఎండ దాటేదాకా చూడండి. కాంక్రీట్ కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో కాంక్రీట్‌లో 0.3 మిల్లీమీటర్ల దాకా పగులు ఒప్పుకుంటారు. పిల్లర్‌లోనో బీమ్‌లోనో అంతకు మించి కనపడితే, లేదా కాంక్రీట్ పెచ్చు ఊడి తుప్పు కడ్డీ బయటపడితే, ఆ డబ్బుతో స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి. తుప్పును వైబ్రేషన్ సెన్సార్ పట్టుకోదు, పట్టుకునేసరికి చాలా ఆలస్యమవుతుంది.

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చి హైదరాబాద్ దాకా కదిలినప్పుడు చాలామందికి బిల్డింగ్ మీద యాక్సెలరోమీటర్ (కుదుపు కొలిచే సెన్సార్) పెట్టాలనిపించింది. పెట్టొచ్చు. భూకంపాల ప్రమాణం ఐఎస్ 1893 ఫార్ములా ప్రకారం 15 మీటర్ల ఎత్తు కాంక్రీట్ ఫ్రేమ్ సుమారు 1.75 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది, అంటే ఒక ఊపుకు 0.57 సెకన్లు. పైఅంతస్తులో ఒక్కటి, వైఫైతో, చాలు. దాని వల్ల తెలిసేది మాత్రం కుదుపు తర్వాత ఫ్రీక్వెన్సీ పడిందా లేదా అన్నంతవరకే.

ఊరి నీళ్ల ట్యాంకు. ఇదే అన్నిటికంటే ఆసక్తికరమైన కేసు, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే. సెన్సార్ పెట్టి ఫ్రీక్వెన్సీ చూస్తుంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపిస్తుంది. ట్యాంకు దెబ్బతిందా? లేదు, ఊళ్లోకి నీళ్లు వదిలారు. ఖాళీగా ఉన్నప్పుడు ఊగే బరువు 60 టన్నులనుకోండి, 60 వేల లీటర్లు నిండితే ఇంకో 60 టన్నులు. బరువు రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ లెక్క ప్రకారం 29% పడుతుంది (కొంత నీరు లోపల విడిగా ఊగుతుంది కాబట్టి నిజంగా పడేది అంతకంటే తక్కువే). స్తంభం పగిలితే పడేది చాలాసార్లు కొద్ది శాతమే. అంటే నీటిమట్టం కొలిచే సెన్సార్ పక్కన లేకుండా వైబ్రేషన్ సెన్సార్ పెట్టడం డబ్బు నీళ్లలో పోయడమే. రోజూ ఒకే మట్టం దగ్గర, తెల్లవారుజామున ఎండ లేనప్పుడు రీడింగ్ తీసి, వాటినే పోల్చాలి.

నా సలహా ఇక్కడ లోరా. మండలంలో పది ఇరవై ట్యాంకులుంటే రెండో మూడో గేట్‌వేలు సరిపోవచ్చు, ట్యాంకులే ఎత్తుగా ఉంటాయి కాబట్టి సిగ్నల్‌కు అడ్డు తక్కువ. ఒక్కో ట్యాంకుకు స్తంభాల పైన ఒరుగుడు కొలిచే టిల్ట్ సెన్సార్, నీటిమట్టం, ఉష్ణోగ్రత. నీటిమట్టం మోటారు ఆపడానికి కూడా పనికొస్తుంది కాబట్టి పంచాయతీ కూడా సిస్టమ్‌ను గాలికొదిలేయదు, రోజూ వాడే వస్తువుకు రిపేర్ దానంతటదే జరుగుతుంది. యాంటెనాను రెయిలింగ్ లోపలి వైపు పెట్టండి, కోతుల సంగతి చెప్పాను కదా.

పాత వంతెన. ముందు బేరింగ్‌లు (పిల్లర్‌కూ పైభాగానికీ మధ్య కదలనిచ్చే దిమ్మెలు), ఎక్స్‌పాన్షన్ జాయింట్లు. 20 మీటర్ల కాంక్రీట్ స్పాన్‌కు 20 డిగ్రీల తేడా వస్తే సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. వేడి మారినప్పుడల్లా ఆ మేరకు కదలాలి. కదలకపోతే బేరింగ్ పట్టేసిందని అర్థం, అక్కడే సమస్య మొదలవుతుంది. దీన్ని పట్టుకోవడానికి గంటకో రీడింగ్ ఇచ్చే డిస్‌ప్లేస్‌మెంట్ సెన్సార్, పక్కనే ఉష్ణోగ్రత చాలు, లోరా లేదా ఎన్‌బీ-ఐఓటీ దేనిమీదైనా నడుస్తుంది. ఉష్ణోగ్రత లేకుండా ఏ గ్రాఫ్‌నూ నమ్మకండి. స్విట్జర్లాండ్‌లో జెడ్24 వంతెనను కూల్చేముందు దాదాపు ఏడాది పాటు కొలిచారు, చలికి ఫ్రీక్వెన్సీ మారిన తీరు చూస్తే దెబ్బ వల్ల వచ్చే మార్పు అందులో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మనకు మంచు లేదు, కానీ మార్చికీ మేకూ మధ్య తేడా తక్కువేం కాదు.

వంతెన ఊగే తీరు కూడా కావాలంటే ఏడాది పొడవునా సిస్టమ్ బిగించడం కంటే, వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి 802.15.4 నోడ్‌లు అద్దెకు తెచ్చి రెండు రోజులు కొలిచి తీసుకుపోవడం నయం. వరదకు పిల్లర్ పునాది కింద ఇసుక కొట్టుకుపోవడమే మన వాగుల మీది వంతెనలకు అసలు ముప్పు, దానికి పిల్లర్ మీద టిల్ట్ సెన్సార్, నీటిమట్టం సెన్సార్ శాశ్వతంగా ఉంచండి. వరద వచ్చినప్పుడు 15 నిమిషాలకు కాకుండా నిమిషానికోసారి పంపేలా సెట్టింగ్ ఉండాలి. ఈ ఒక్క సెట్టింగ్ లేని పరికరం వంతెనకు పనికిరాదు.

డ్యామ్, గేట్లు, సొరంగం. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం 15 మీటర్లు దాటిన డ్యామ్‌లకు కొలత పరికరాలు తప్పనిసరి, కాబట్టి పెట్టాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. పాత వైబ్రేటింగ్ వైర్ సెన్సార్లు పనిచేస్తుంటే వాటిని మార్చకండి, చివరన లోరా లాగర్ తగిలించండి. మనిషి వెళ్లి రీడింగ్ రాసుకునే పని తగ్గుతుంది, సెన్సార్ అదే ఉంటుంది కాబట్టి పాత రికార్డుకూ కొత్తదానికీ తెగకుండా లింకు ఉంటుంది.

గేట్ల విషయంలో మాత్రం నేను అందరితో ఏకీభవించను. గొలుసు లింకులోనో రోప్‌లోనో లోపల తుప్పు, పగులు ఉంటే గేటు మీద పెట్టిన యాక్సెలరోమీటర్‌కు అది కనపడదు. హాయిస్ట్ (గేటును ఎత్తే యంత్రం) దగ్గర బరువు కొలిచే లోడ్ సెల్ పెట్టి రెండు వైపులా బరువు సమానంగా పడుతోందా చూడటం కొంత ఉపయోగం. కానీ ఏడాదికోసారి అల్ట్రాసోనిక్ పరీక్ష, గ్రీజు, పెయింటు, స్టాప్‌లాగ్ గేట్లు (గేటు పోతే ఆ చోట దించే తాత్కాలిక పలకలు) సిద్ధంగా ఉంచడం, వీటికి డబ్బు లేదని సెన్సార్లు కొనడం తలకిందుల వ్యవహారం. సాగర్‌కు 26 క్రెస్ట్ గేట్లు, ఒక్కోదానికి సెన్సార్ పెట్టేముందు ఒక్కోదాన్నీ తాకి చూసే మనిషి ఉండాలి.

సొరంగంలో వైర్‌లెస్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బురద, ఉక్కు యంత్రాలు, ఊటనీళ్లు సిగ్నల్‌కు అడ్డం, జీపీఎస్ టైమ్ కూడా అందదు. ఫైబర్ వెన్నెముకగా వేసి, చివరి కొన్ని మీటర్లే రేడియో వాడాలి.

రైస్ మిల్లు, ఫ్యాక్టరీ షెడ్డు. మిర్యాలగూడ మిల్లుల్లో ఎలివేటర్లు, జల్లెడ యంత్రాలు రోజంతా అదురుతూనే ఉంటాయి. 1,440 ఆర్‌పీఎం మోటారు అంటే 24 హెర్ట్జ్. మీ అంతస్తు ఊగే ఫ్రీక్వెన్సీ దానికి దగ్గర్లో ఉంటే స్లాబ్ ప్రతిరోజూ దెబ్బతింటుంది. కరెంటు ఎలాగూ ఉంది కాబట్టి వైఫై సెన్సార్లతో సరిపెట్టుకోండి. ఊక ధూళికి ఐపీ 65 (దుమ్ము చొరబడని) బాక్సు తప్పనిసరి.

కాలేజీ ప్రాజెక్టు. ఎంపీయూ 6050 అనే చవక యాక్సెలరోమీటర్ కొనేముందు ఈ లెక్క చూడండి. దాని సొంత గోల (ఏమీ కదలకపోయినా చూపించే అంకె) హెర్ట్జ్ వర్గమూలానికి 400 మైక్రో జీ (జీ అంటే గురుత్వ త్వరణం), 50 హెర్ట్జ్ బ్యాండ్‌లో అది 2.8 మిల్లీ జీ అవుతుంది. మామూలు గాలికి, ట్రాఫిక్‌కు బిల్డింగ్ ఊగేది చాలాసార్లు అంతకంటే తక్కువ, అంటే మీరు కొలిచేది సెన్సార్ గోలనే. ఏడీఎక్స్‌ఎల్ 355 అనే ఇంకో సెన్సార్ అయితే 0.16 మిల్లీ జీ దగ్గర ఉంటుంది, ధర ఎక్కువే కానీ ఒకటి కొన్నా చాలు. ల్యాబ్‌లో షేక్ టేబుల్ మీద చిన్న స్టీల్ ఫ్రేమ్‌కైతే ఎంపీయూ 6050 హాయిగా సరిపోతుంది. రేడియో మీద నెలలు వృథా చేయకండి, మొదట మెమొరీ కార్డులో రికార్డు చేసి ఫ్రీక్వెన్సీ సరిగ్గా వస్తోందో చూడండి, వైర్‌లెస్ తర్వాత తగిలించుకోవచ్చు.

పాత గుడి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, అలంపూర్ గుళ్ల లాంటి చోట రాతికి డ్రిల్లు పెట్టడం కుదరదు, అనుమతి లేకుండా జిగురు కూడా వద్దు. బరువుతో నిలబడే టిల్ట్ సెన్సార్, లోరా, అంతే.

## కొటేషన్ ఇచ్చినవాళ్లను అడగాల్సినవి

మూడో ఏడు బ్యాటరీ మార్చడానికి ఎంత, ఎవరు వస్తారు? కరెంటు వారం పోతే డేటా ఎక్కడ దాచుకుంటుంది? ఉష్ణోగ్రత సెన్సార్ అదే బాక్సులో ఉందా, కాంక్రీట్‌కు తగిలి ఉందా (బాక్సు లోపలి వేడి కాంక్రీట్ వేడి కాదు)? అలారం వచ్చే హద్దు ఎవరు నిర్ణయించారు, దేని ఆధారంగా? చాలా సిస్టమ్‌లలో ఫ్యాక్టరీలో పెట్టిన హద్దే ఉంటుంది, దాంతో మొదటి నెల రోజూ అలారం, రెండో నెల ఎవరో ఆఫ్ చేస్తారు. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కొలిచాకే హద్దు పెట్టాలని ఒప్పందంలో రాయించండి.

చివరిది, డేటా ఎవరిది? వాళ్ల క్లౌడ్‌లోనే ఉండి, చందా ఆగిన రోజు మీ గ్రాఫ్‌లన్నీ మాయమయ్యేలా ఉంటే ఏళ్ల తరబడి కొలిచింది వృథా. డెమోకు వచ్చినప్పుడే నిన్నటి డేటా ఒక ఫైలుగా మీ పెన్‌డ్రైవ్‌లో వేయమనండి. అది మీ ఆఫీసు కంప్యూటర్‌లో, ఎక్సెల్‌లో తెరుచుకోకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టి తర్వాతిది చూడండి.